నేను వచ్చేదాకా పాతదాన్ని తీయకు

ముందుకు జరిగి కూర్చోండి తల్లీ, వెనక చీకటిగా ఉంది. ఈ సంగతి చెప్పేముందు నేను శివయ్యకు ఒక దండం పెట్టుకుంటాను. మీరూ పెట్టుకోండి, పోయేదేముంది.

డెన్‌పసార్ అని సముద్రం అవతలి ద్వీపంలో ఒక ఊరు. దాని ఉత్తరాన, కొబ్బరికాయల కొట్టు పక్క సందులో రెండంతస్తుల ఆఫీసు ఒకటి ఉంది. కింద గది నిండా కంప్యూటర్లే. చుట్టుపక్కల హోటళ్ళ బుకింగులు, చిన్న చిన్న క్లినిక్కుల చీటీలు, అన్నీ వాటిమీదే నడుస్తాయి. ఆ యంత్రాలను కనిపెట్టుకుని ఉండేది మొగుడూ పెళ్ళాం. ఆయన సుదార్త, ఆవిడ రస్మిని. ఇద్దరూ ఒక బండిమీద వచ్చేవాళ్ళు, ఒక బండిమీద పోయేవాళ్ళు. ఇంటి దగ్గర అత్తగారూ, ఐదేళ్ళ కూతురు ససీ.

ఆ యంత్రాలను నడిపేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. అందులో ఏ ప్రోగ్రామూ తన కాళ్ళమీద తాను నిలబడదు. ఫైలు తెరవాలన్నా, తెరమీద ఒక అక్షరం వేయాలన్నా, టైమెంతో తెలుసుకోవాలన్నా అడుగున ఉన్న సీ లైబ్రరీని పట్టుకోవాల్సిందే. వేల ప్రోగ్రాములకి ఒకటే లైబ్రరీ. పైకి కనిపించదు, దాని పేరెవరూ తలవరు, కానీ అందరూ దాన్ని పట్టుకునే వేలాడుతుంటారు. అలాంటి లైబ్రరీలు ఒకటికి మించి ఉన్నాయి. గ్లిబ్‌సి అని పాతది, భారీది. మజిల్ అని సన్నది, కొత్తది. ఒకదాని మీద పుట్టిన ప్రోగ్రాము రెండోదాని మీద బతకదు.

జకార్తాలో ఉండే యజమాని హెందర్మన్‌కి కొత్తది కావాలి.

"యంత్రాలు మెమరీని ఏనుగుల్లా మేస్తున్నాయి సుదార్తా. పాత లైబ్రరీ తీసి కొత్తది పెట్టమని ఎన్నాళ్ళనించి చెబుతున్నాను?" అన్నాడు ఫోన్‌లో.

"పెడతాం సార్. వాడేవాళ్ళు ఉండగా మార్చడం కష్టం. ఎప్పుడూ ఎవరో ఒకరు వాడుతూనే ఉంటారు."

"ఎవరూ వాడని రోజు మీ ఊళ్ళోనే ఉంది కదయ్యా. న్యెపి రోజు ద్వీపమంతా మూసేస్తారు, ఇంటర్నెట్టు కూడా ఆపేస్తారు. ముందురోజే లోపలికి పోయి తలుపులేసుకోండి. మీరు చేయకపోతే చెప్పండి, చేసేవాళ్ళని చూసుకుంటాను."

న్యెపి అంటే మౌనదినం. ముందురోజు సాయంత్రం డప్పులు మోగించి, బొమ్మలు ఊరేగించి భూతాలన్నింటినీ లేపుతారు. మర్నాడు తెల్లారినప్పటినుంచి ఆ పైరోజు తెల్లారేదాకా పొయ్యి వెలగదు, దీపం వెలగదు, పని ముట్టరు, వీధిలో అడుగు పెట్టరు. పైనించి చూసిన భూతాలకు ద్వీపం ఖాళీగా కనపడాలి. ఇక్కడెవరూ లేరనుకుని పోవాలి. అలాంటి రోజున పని చెయ్యమన్నాడు ఆ మహానుభావుడు. కడుపు కోసం వీళ్ళు సరే అన్నారు.

అత్తగారు ఆకులో అన్నం పొట్లాలు కడుతూ గొణుగుతూనే ఉంది.

"వాడికి బుద్ధి లేదు సరే. నీకేమైందే అమ్మాయీ?"

"నల్లగుడ్డలు కడతాం అత్తయ్యా. చుక్క వెలుగు బయటికి రాదు."

"వెలుగు ఒక్కటేనా? చీకట్లోంచి ఎవరు పిలిచినా పలక్కు. నీ పేరు పెట్టి పిలిచినా సరే. పలికావా, ఇల్లు ఖాళీ కాదని దానికి తెలిసిపోతుంది. నీ నలుగురినీ తలుచుకుంటూ ఉండు."

ఆ నలుగురి సంగతి చెప్పాలి మీకు. ఆ ద్వీపంలో ఎవరూ ఒంటరిగా పుట్టరని నమ్మకం. ఉమ్మనీరు, నెత్తురు, మాయ, ఒంటికంటుకున్న తెల్లటి జిడ్డు... బిడ్డతోపాటు వచ్చే ఈ నాలుగూ ఆ బిడ్డకు తోబుట్టువులు. కంటికి కనపడకుండా బతికినన్నాళ్ళూ వెంటే ఉంటారు, మోస్తారు. మాయని గుమ్మం పక్కన పాతిపెట్టి దీపం పెడతారు. రస్మిని రోజూ పడుకునేముందు వాళ్ళ పేర్లు తలుచుకునేది. సుదార్తకి అదంతా నవ్వులాట.

"నాన్నా, ఎల్లుండి పొద్దున్న వచ్చేస్తారుగా?" అంది ససీ బండి హ్యాండిల్ పట్టుకుని.

"నువ్వు నిద్రలేచేసరికి మేమిద్దరం నీ మంచం దగ్గరుంటాం," అన్నాడు.

రస్మినికి ఆ మాట ఒక్కటి చాలు. పని ఎలా పోయినా పోనీ, ఎల్లుండి పొద్దున్న మొగుణ్ణి తీసుకుని పిల్ల మంచం దగ్గరికి చేరాలి. అంతకుమించి ఆవిడ ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

మౌనదినం మధ్యాహ్నమంతా పని సాఫీగా సాగింది. కిటికీలకు నల్లగుడ్డలు. లైట్లు లేవు, ఇద్దరి ముందూ రెండు తెరల వెలుగు మాత్రం. యంత్రాల పంకాల రొద. ముందురోజు వెలిగించిన అగరొత్తుల పాచివాసన, వేడెక్కిన దుమ్ము వాసన. వీధిలో కుక్క కూడా అరవలేదు. ఒక్కో ప్రోగ్రామునీ కొత్త లైబ్రరీ మీద మళ్ళీ కట్టి పెడుతున్నారు. గుసగుసగా మాట్లాడుకుంటున్నారు.

"పాతదాన్ని చూస్తే జాలేస్తోందే," అన్నాడు సుదార్త. "అచ్చం మా అమ్మ. ఒళ్ళు బరువు, గొణుగుడు, కానీ అడిగిందల్లా ఇస్తుంది. ఈ కొత్తది నీలాగ. సన్నగా ఉంటుంది, దేనికీ ఒప్పుకోదు."

"ఇంటికెళ్ళాక ఆవిడతో ఇదే మాట అను. నేను పక్కన నిలబడి చూస్తాను."

"నీ నలుగురినీ వెంట తెచ్చుకున్నావా? వాళ్ళకి అన్నం పొట్లాలు లేవు మరి."

"మీవాళ్ళేరి?"

"మావాళ్ళు సెలవు పెట్టారు." నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

పొద్దు గుంకింది. ఇక మిగిలింది చివరి పని. పాత లైబ్రరీని తీసెయ్యడం. అప్పుడే సుదార్త తల ఎత్తి వీధి తలుపు కింది సందు వైపు చూశాడు. సందులోంచి తెల్లటి గీత ఒకటి నేలమీద పడి ఉంది.

"గుమ్మం మీది బోర్డు లైటు," అన్నాడు. "సాయంత్రం కాగానే దానంతటదే వెలుగుతుంది. దాని సంగతే మర్చిపోయాం."

"వెలగనీ బ్లీ. వెళ్ళకు." బ్లి అంటే అన్నయ్య. అక్కడ ఆడవాళ్ళు మొగుణ్ణి కూడా అలాగే పిలుస్తారు.

"ద్వీపమంతా చీకటిగా ఉంటే మన గుమ్మం ఒక్కటే పెళ్ళిపందిరిలా ఉంది. వీధులు తిరిగే పండగ కాపలావాళ్ళు చూస్తే ఊరి పెద్దల ముందు నిలబెడతారు. స్విచ్చి గేటు పక్కనే, ఇలా వెళ్ళి అలా వస్తా. గడియ పెట్టుకో. నేను వచ్చి పిలుస్తా." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "నేను వచ్చేదాకా పాతదాన్ని తీయకు. ఇంకా ఎవరెవరు దాన్ని పట్టుకుని ఉన్నారో ఇద్దరం కలిసి చూద్దాం."

వెళ్ళాడు. రస్మిని గడియ పెట్టింది. కాసేపటికి నేలమీది తెల్లగీత మాయమైంది.

ఇక వచ్చేస్తాడనుకుంది.

రాలేదు.

కాపలావాళ్ళు కనపడితే గోడచాటున నక్కి ఉంటాడులే అనుకుంది. తెరమీద ఆదేశం రాసి సిద్ధంగా ఉంది, ఒక్క మీట నొక్కడమే ఆలస్యం. పొద్దున్నించీ అన్నీ మార్చాం, ఇంకేం మిగిలుంటాయి, అది అయిపోతే కాసేపు నడుం వాల్చవచ్చు అనుకుంది. మనిషికి అలసట వచ్చినప్పుడే తల్లీ, దేవుడు చెప్పిన మాటకూడా చెవికెక్కదు. మొగుడి మాట ఎంత.

నొక్కింది. పాత లైబ్రరీ పోయింది.

ఫైళ్ళ పేర్లు చూపించమని ఆదేశం ఇచ్చింది. 'దొరకలేదు' అంది యంత్రం. కాపీ చేసే ఆదేశం ఇచ్చింది. 'దొరకలేదు.' ఆ ఆదేశాలూ చిన్న ప్రోగ్రాములే, వాటిని మార్చడం మర్చిపోయారు. అవి పాతదాన్నే పట్టుకుని ఉన్నాయి. తెరమీద అప్పటికే తెరిచి ఉన్న, ఆదేశాలు రాసే ఆ ఒక్క కిటికీ మాత్రం బతికి ఉంది, లైబ్రరీ పోకముందే దాన్ని పట్టుకుంది కనక. ఆ కిటికీలోంచి చూస్తే ప్రోగ్రాములన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పేర్లున్నాయి. పిలిస్తే మాత్రం ఒకటే జవాబు. దొరకలేదు... దొరకలేదు... కళ్ళెదుట ఉన్నదాన్ని లేదంటోంది యంత్రం.

వెనకనుంచి తడిసిన బూడిద వాసన వచ్చింది.

తిరిగి చూసింది. సామాన్ల గది గుమ్మంలో సుదార్త నిలబడి ఉన్నాడు.

"ఎటునుంచి వచ్చావు?" అంది గుసగుసగా. వీధి తలుపు గడియ పెట్టినట్టే ఉంది. సామాన్ల గదికి వెనక ఒక తలుపుంది. అటునుంచి వచ్చి ఉంటాడులే.

అతను నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి.

శబ్దం రాలేదు.

మళ్ళీ కదిలాయి. గొంతు నరాలు ఉబ్బాయి. ఊపిరి కూడా వినపడలేదు.

"బ్లీ... ఏమైంది? ఎవరైనా కొట్టారా?"

అప్పుడు వీధి తలుపు మీద చప్పుడైంది. మెల్లగా, వేలి కణుపుతో.

"రస్మినీ... తలుపు తియ్యి. అయిపోయింది."

సుదార్త గొంతు. పని చేసి అలిసినప్పుడు చివర్లో వచ్చే ఆ చిన్న నిట్టూర్పుతో సహా.

రస్మిని కదల్లేదు. గుమ్మంలో ఉన్న సుదార్త వేలు పెదాలమీద పెట్టుకున్నాడు. వద్దన్నట్టు తల ఊపాడు.

"ఏమే... నిద్రపోయావా? తియ్యి."

అత్తగారి మాట గుర్తొచ్చింది. పేరు పెట్టి పిలిచినా సరే.

"రస్మినీ, ఆటలాడకు. మొన్న పిల్లకి జ్వరం వస్తే రాత్రంతా నా చొక్కా పట్టుకుని పడుకున్నావే, గుర్తుందా? ఆ చొక్కానే వేసుకున్నాను. నేనే. తియ్యి."

గుమ్మంలో ఉన్నవాడి ఒంటిమీదా ఆ చొక్కానే ఉంది. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది.

బయట గొంతు తగ్గింది. తలుపు సందుకి నోరు ఆనించి మాట్లాడుతున్నట్టు...

"వీధి చివర ఎవరో ఉన్నారే. కాపలావాళ్ళు కాదు. వస్తున్నారు... కాళ్ళు కదలడం లేదు... కానీ దగ్గరికి వస్తున్నారు. తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను... తియ్యి..."

గోళ్ళు తలుపుమీద గీరుకున్నాయి. పైనించి కిందికి. ఒక్కసారే.

తర్వాత ఏమీ లేదు.

పంకాల రొద మాత్రం మిగిలింది. రస్మిని కుర్చీలో కూలబడింది. లోపలున్నవాడు మెల్లగా వచ్చి పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆవిడ మోకాలిమీద తల పెట్టాడు. పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

అలా కూర్చునే యంత్రాన్ని బాగుచేసింది. ఎవరినీ అరువడగకుండా, కావలసినదంతా తన కడుపులోనే దాచుకున్న చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, ఇలాంటి ఆపద కోసమే. దాన్ని పిలిస్తే పలికింది. దానిచేత, వేరే చోట దాచిన పాత లైబ్రరీ నకలుని తెచ్చి మునుపటి చోటే పెట్టించింది. అంతే. చచ్చినట్టు పడున్నవన్నీ ఒక్కసారి లేచాయి. పిలిస్తే పలికాయి.

ఆవిడ తెరని చూసింది. మోకాలిమీది తలని చూసింది.

ఇరవైనాలుగు గంటలూ యంత్రాలతో బతికే మనిషికి వచ్చే ఆలోచనే వచ్చింది తల్లీ. మీకూ నాకూ రాదు. ఇతను ఉన్నాడు. కనపడుతున్నాడు. పిలిస్తే పలకలేకపోతున్నాడు. అంటే ఇతన్ని మోసేవాళ్ళు లేరు. ఇతని నలుగురూ పోయారు. పోయారా... వద్దన్న పని చేసి నేనే తీసేశానా?

లైబ్రరీ ఒక్కటే అయినా ఎంతమందైనా పట్టుకోవచ్చు. అది ఆవిడకి బాగా తెలుసు.

నేలమీద అతని ఎదురుగా కూర్చుంది. చేతులు పట్టుకుంది. ఇనుములా చల్లగా ఉన్నాయి. కళ్ళు మూసుకుని తన నలుగురినీ పేరుపేరునా పిలిచింది.

"ఇన్నాళ్ళూ నన్ను మోశారు. ఇతన్నీ మొయ్యండి. ఇతను నా మనిషి. పొద్దున్నే నా పిల్ల దగ్గరికి చేరాలి... ఇతన్నీ పట్టుకోండి."

భుజం మీదనుంచి ఎవరో దిగినట్టయింది. ఇంకొక భుజం. నడుం దగ్గర ఒకరు. చివరగా గుండె వెనక... పుట్టినప్పటినుంచీ ఆనుకుని ఉన్న వెచ్చదనమొకటి తప్పుకుంది. ఇద్దరి దగ్గరా ఉంటారనుకుంది. వాళ్ళు ఇటు వెనక్కి రాలేదు.

అతను పెద్దగా ఊపిరి పీల్చాడు. చాలా ఏళ్ళుగా పీల్చనివాడిలా. నోరు తెరిచాడు.

"రస్మినీ... తలుపు తియ్యి. అయిపోయింది."

తలుపవతల విన్న మాటే. ఆ చివర నిట్టూర్పు కూడా అలాగే. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఏ తలుపు బ్లీ?" అంది రస్మిని.

ఆవిడ గొంతు ఆవిడకి వినపడలేదు.

మళ్ళీ అంది. అరిచింది. పెదాలు కదిలాయి, అంతే. అతను లేచి నిలబడ్డాడు. చేతివేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూసుకున్నాడు, కొత్తగా కొన్న చెప్పులు వేసుకుని చూసుకునేవాడిలా. తర్వాత ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు, తెల్లారేదాకా. చీకట్లో నోట్లోనే ఏవో మాటలు వల్లిస్తున్నాడు. పిల్లకి జ్వరం. చొక్కా. కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కొక్క మాటా పదేపదే.

తెల్లవారగానే గడియ తీసి బయటికి నడిచాడు. తలుపు బయటివైపున చెక్కమీద పైనించి కిందికి గోళ్ళ గీతలున్నాయి. వాటిని దాటుకుంటూ రస్మిని అతని వెనకే పరుగెత్తింది. బండి వెనక కూర్చుంది. బండి ఆవిడ బరువుకి కాస్తయినా కుంగలేదు.

ఇంట్లో పొయ్యి వెలిగింది. అత్తగారు కంచాలు పెడుతోంది.

"వచ్చావురా నాయనా. రస్మిని ఏది?"

అతను తిరిగి రస్మిని మొహంలోకి సూటిగా చూశాడు. కళ్ళలోకి చూశాడు.

"ఆఫీసులో ఎవరూ లేరమ్మా."

అత్తగారి చెయ్యి గాల్లో ఆగింది. ఏదో గుర్తు చేసుకోబోయినట్టు నుదురు ముడిపడింది. మళ్ళీ విడిపోయింది.

"ఎవరూ లేరా," అంటూ ఒక కంచం తీసి గూట్లో పెట్టేసింది.

ససీ కళ్ళు నులుముకుంటూ వచ్చింది. అమ్మ చాచిన చేతుల్లోంచి నడిచిపోయి నాన్న మెడకి వేలాడింది. రస్మిని పిల్ల జుట్టు పట్టుకోబోయింది, చొక్కా పట్టుకోబోయింది. వేళ్ళకి ఏమీ తగల్లేదు. నేలమీద పడి తల బాదుకుంది. నేలకీ తెలియలేదు. భూతాలకు ఇల్లు ఖాళీగా కనపడాలని నల్లగుడ్డలు కట్టిన మనిషి తల్లీ ఆవిడ. ఇప్పుడు తన ఇంటికే ఆవిడ కనపడటం లేదు.

చూడలేక వీధిలోకి వచ్చింది.

గేటు పక్కన సుదార్త నిలబడి ఉన్నాడు. చొక్కా భుజం చిరిగి ఉంది. పదివేళ్ళకీ గోళ్ళు లేవు. ఇంటివైపే చూస్తున్నాడు.

"బ్లీ," అంది. ఈసారి ఆవిడ గొంతు ఆవిడకి వినపడింది.

అతనికీ వినపడింది. మెల్లగా తల తిప్పాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"తలుపు అవతలినుంచి నీ గొంతు వినపడుతూనే ఉంది," అన్నాడు. "గుసగుసలాడుతున్నావు. ఎవరితో?"

ఆవిడ ఇంట్లో ఉన్నవాడి వైపు చెయ్యి చూపించింది.

"పాతదాన్ని తీశావా?" అన్నాడు.

తల ఊపింది.

ఇద్దరూ గేటు ఊచల మధ్యనుంచి లోపలికి చూస్తూ నిలబడ్డారు. వంటింటి పొగ పైకి లేస్తోంది. లోపలున్నవాడు పిల్లకి ముద్దలు కలిపి పెడుతున్నాడు. ఏదో కథ చెబుతున్నాడు. పక్కింటివాళ్ళు పండగ పలకరింపులకని గేటు తీసుకుని, వీళ్ళిద్దరిలోంచే నడుచుకుంటూ లోపలికి పోయారు.

లోపల ససీ పకపకా నవ్వింది.

సరిగ్గా అదే క్షణంలో, అదే నవ్వు, వీళ్ళిద్దరి వెనక వీధిలోంచి కూడా వినపడింది.